పెదనాన్నగారి ఆయాసం

మా పెదనాన్నగారు అమలాపురం దగ్గర కొబ్బరితోట చూసుకునే మనిషి. దింపు రోజున బస్తా ఎత్తబోయి పక్కటెముక దగ్గర కలుక్కుమన్న నొప్పిని బెణుకుగా, ఆ తరువాత రెండుసార్లు వచ్చిన న్యుమోనియాను పుష్యమాసపు మంచు ప్రభావంగా మేమందరం సరిపెట్టుకున్నాము. రెండూ మల్టిపుల్ మైలోమా గుర్తులేనని కాకినాడలో ఎముక మజ్జ పరీక్ష చేసిన తరువాతే తెలిసింది.

ఇది మజ్జలోని ప్లాస్మా కణాలకు వచ్చే క్యాన్సర్. రోగక్రిములతో పోరాడే ప్రతిరక్షకాలను తయారుచేయవలసిన ఈ కణాలు అదుపు తప్పి పెరిగి, పనికిరాని ఒకే రకం ప్రోటీనును కుప్పలుగా ఉత్పత్తి చేయడంతో అసలైన ప్రతిరక్షకాలు తగ్గిపోతాయి. అందువల్లనే న్యుమోకాకస్ వంటి సూక్ష్మజీవులు ఊపిరితిత్తులను పదే పదే పట్టుకుంటాయి. ఎముకలు గుల్లబారి పక్కటెముకలు చిన్న ఒత్తిడికే విరుగుతాయి, వెన్నుపూసలు కుంగి ఛాతీలో చోటు తగ్గుతుంది, నొప్పికి భయపడి రోగి నిండుగా ఊపిరి తీయడు, గట్టిగా దగ్గడు, కఫం లోపలే నిలిచిపోతుంది. పెదనాన్నగారి విషయంలో జరిగినది అచ్చంగా ఇదే. దీనికి రక్తహీనత తోడైతే నాలుగు మెట్లు ఎక్కినా ఆయాసమే. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం కూడా ఉంటుంది కాని, మైలోమా కణాలే నేరుగా దానికి కారణమవడం అరుదు.

చికిత్సలోనూ జాగ్రత్త అవసరం. లెనలిడోమైడ్ అనే మైలోమా మందు వాడేవారికి కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉన్నందున, సాధారణంగా ఆస్పిరిన్ గాని మరో నివారణ మందు గాని జతచేస్తారు. బోర్టెజోమిబ్ అనే మరో మైలోమా మందు అరుదుగా ఊపిరితిత్తులనే దెబ్బతీస్తుంది.

ఫ్లూ, న్యుమోకాకల్ టీకాలు వైద్యుల సలహాపై వేయించాము. ఇప్పుడు జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే, అర్ధరాత్రి అయినా సరే, ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ బయలుదేరుతున్నాము.