ముగించిన తేదీ లేని పుస్తకాలు

చదివే పుస్తకాల కోసం నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. కాలేజీ రోజుల నుంచీ ఉన్న అలవాటు. పేజీకి మూడు గళ్ళు: పుస్తకం పేరు, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ. అభిప్రాయాలు రాయను, మార్కులు వెయ్యను. బాగా నచ్చితే పేరు కింద ఒక గీత గీస్తాను, అంతే. నాకు నలభై రెండో ఏడు నడుస్తున్నప్పుడు ఆ నోట్‌బుక్‌లో పదకొండు పేర్లు చేరాయి. మూడో గడిలో తేదీ పడ్డవి రెండే.

అప్పటిదాకా నా చదువంతా రాత్రిపూట జరిగేది. ఇంట్లో అందరూ పడుకున్నాక ఒక పక్కకి తిరిగి, మంచం పక్కనున్న చిన్న దీపం వెలుతురులో నవల తెరిచేదాన్ని. లావుపాటి నవలలే ఇష్టం. ఐదారు వందల పేజీలు లేకపోతే ఆ మనుషులతో కలిసి ఉన్నట్టే అనిపించదు నాకు. అలాంటిది, ఆ ఏడాది రెండు పేజీలు తిరిగేసరికి చదివిన వాక్యమే మళ్ళీ చదువుతున్నానని తెలిసేది. మూడో పేజీకి పుస్తకం గుండెల మీద పడిపోయేది.

నా మనసు చెడిపోయిందనే అనుకున్నాను. ఫోన్ వల్లే అనుకున్నాను, అందరూ అదే చెబుతున్నారు కాబట్టి. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్‌ని వేరే గదిలో పెట్టడం మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలకి టైమర్ పెట్టుకుని చూశాను. రోజుకి పది పేజీలు చదవాలని నియమం పెట్టుకున్నాను. నియమం పెట్టుకున్న నాలుగో రోజుకల్లా పుస్తకం అంటేనే హోంవర్క్‌లా అనిపించింది. నా కష్టమంతా ఏమిటంటే, చదవడం నాకు కాలక్షేపం కాదు. రోజంతా ఎవరెవరికో ఏదో చేసి పెట్టాక నాకు నేను దొరికే చోటు అది. అది పోతుంటే ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆధారాలన్నీ కళ్ళెదుటే ఉన్నాయి. సెలవు రోజుల్లో మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుంటే నలభై పేజీలు తేలిగ్గా సాగేవి. సెలవు కదా, మనసు కుదురుగా ఉందనుకునేదాన్ని. ఫోన్‌లో పెద్ద పెద్ద వ్యాసాలు కూడా చివరిదాకా చదివేదాన్ని. అది చూసి ఇంకా సిగ్గుపడేదాన్ని. అక్కడ అక్షరాల్ని వేళ్ళతో పెద్దవి చేసుకుంటున్నానన్న సంగతి తట్టనే లేదు. పూర్తిచేసిన ఆ రెండు పుస్తకాల్లో ఒకటి పెద్ద అక్షరాలతో, పేజీకి పన్నెండు పంక్తులున్న కవితా సంపుటి. రెండోది మా అమ్మాయితో కలిసి చదివిన పిల్లల కథల పుస్తకం.

తాళం తీసింది మా అమ్మాయే. ఐదో తరగతి. ఒక రాత్రి లెక్కల పుస్తకం తెచ్చి, "అమ్మా, ఈ ప్రశ్న చదివి చెప్పవా" అంది. చదువుతున్నాను. "చెయ్యి ఎందుకంత దూరం చాపావు?" అంటూ పుస్తకాన్ని నా దగ్గరికి జరిపింది. నాకు తెలియకుండానే మళ్ళీ దూరం పెట్టాను. పాఠం 'అర్ధవృత్తం' గురించి. ఆ పదం దగ్గర ఆగిపోయాను. రకారం కింద ఉన్న ఆ చిన్న ఒత్తులో చుక్క ఉందో లేదో కనబడలేదు. చుక్క ఉంటే అర్థం, లేకపోతే అర్ధం. వృత్తం బొమ్మ ఉంది కాబట్టి సరిగ్గానే చదివాను. కానీ అక్షరం కనబడి కాదు, పదం ముందే తెలుసు కాబట్టి. రాత్రంతా అదే ఆలోచన. ఈ ఏడాదంతా నేను నవలల్ని ఇలాగే చదువుతున్నానా, ఊహించుకుంటూ?

తెలుగు లిపి మనకెంత ముద్దైనా దగ్గరి చూపు తగ్గిన కంటికి కఠినమైనదే. అసలు అక్షరం కంటే ఒత్తు చిన్నది, ఒత్తు కంటే గుడిలో చుట్టు చిన్నది. దకి ధకి తేడా ఒక్క గీత. కికి కీకి తేడా ఒక మెలిక. పన్నెండు పాయింట్లలో అచ్చువేశామని చెప్పినా, ఒత్తు వచ్చేసరికి అందులో సగమే ఉంటుంది.

ఇంతకీ నలభైల్లో దగ్గరి చూపు ఇలా తగ్గడానికి మనకి ఎప్పటినుంచో పేరుంది: చత్వారం. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. వయసు పేరే జబ్బుకి పెట్టేశారు పెద్దవాళ్ళు. నానమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో! అయినా నాకు నలభై రెండొచ్చినప్పుడు ఆ మాట గుర్తుకు రాలేదు. దాన్ని ముసలితనపు మాటల్లో ఎక్కడో దాచేసినట్టున్నాను.

తెల్లారి నేను చేసింది తప్పు పని. పరీక్ష లేకుండా ప్లస్ 2.00 రెడీమేడ్ అద్దాలు తెచ్చేసుకున్నాను. మొదటి పది నిమిషాలు పండగలా ఉంది, అక్షరాలు కాగితం మీంచి లేచి వస్తున్నట్టు. అరగంటకి కనుబొమల మధ్య నొప్పి. పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా తెచ్చుకోవాల్సి వచ్చేది, తలెత్తితే గోడ మసకగా కనబడేది. వారం ఓర్చుకుని అప్పుడు కంటి పరీక్షకి వెళ్ళాను.

అక్కడ పరీక్ష చేసినావిడ అంత ఓపిగ్గా చెప్పకపోతే ఈ కథ ఇంకోలా ఉండేదేమో. చేతికి ఒక కార్డు ఇచ్చింది. పైన పెద్ద అక్షరాల పేరా, కిందికి పోయేకొద్దీ చిన్నవి. నేను అన్నిటికంటే కింది పేరాని కళ్ళు చిట్లించి చదివేసి, పాసయ్యాననుకున్నాను. "చదవగలరా అని అడగట్లేదు మేడం, ఇదే సైజులో గంటసేపు హాయిగా చదవగలరా?" అంది. చదవలేను. ఏడాదిపాటు నన్ను నేను వెయ్యని ప్రశ్న అది.

తర్వాత ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. కంటి లోపల ఉన్న కటకం చిన్నప్పుడు మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువుని చూడాలంటే దాని చుట్టూ ఉన్న కండరం బిగిసి, కటకం ఉబ్బుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ కటకం గట్టిపడుతుంది, కండరం ఎంత ప్రయత్నించినా అంతగా ఉబ్బదు. పదేళ్ళ పిల్లలు ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలో ఉన్న అక్షరాన్ని కూడా చదవగలరు. నలభై దాటినవాళ్ళకి ఆ దగ్గరి హద్దు ఇరవై, ఇరవై ఐదు దాకా జరిగిపోతుంది. పుస్తకాన్ని 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే కంటికి కావలసిన శక్తి రెండున్నర డయాప్టర్లు (అద్దాల పవర్‌ని కొలిచేదీ ఈ డయాప్టర్లలోనే). నా కళ్ళకి ఆ శక్తి ఇంకా ఉంది. కానీ ఉన్నదంతా వాడేస్తే కన్ను అలిసిపోతుంది, సగం దాకా నిల్వ ఉంచుకోగలిగితేనే హాయిగా చదవగలదు. రెండు పేజీలు చదవగలిగి ఇరవై చదవలేకపోవడానికి కారణం అదే! పక్కకి తిరిగి పడుకుంటే మోచేయి మడిచి, పుస్తకం ఇంకా దగ్గరికి వస్తుంది, అంటే ఇంకా ఎక్కువ శక్తి కావాలి. పైగా మసక వెలుతురులో కంటిపాప పెద్దదై, స్పష్టంగా కనబడే దూరాల పరిధి తగ్గిపోతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటే నా కంటికి అన్నిటికన్నా కష్టమైన చోటు.

కుడి కంటికి ప్లస్ 1.00, ఎడమకి ప్లస్ 1.25, ఎడమలో కాస్త సిలిండర్ (అన్ని దిక్కులా ఒకే పవర్ సరిపోని దోషం) కూడా ఉందని తేలింది. రెడీమేడ్ అద్దాల్లో రెండు వైపులా ఒకటే పవర్, సిలిండర్ ఉండదు. నొప్పి రాక ఏమవుతుంది.

మొదట ప్రోగ్రెసివ్ అద్దాలు, అంటే పైనుంచి కిందికి పవర్ మెల్లగా మారేవి, చేయించుకున్నాను. ఆఫీసులో బాగానే ఉండేవి. రాత్రి పడుకుని చదవబోతే మళ్ళీ మసక. వాటిలో దగ్గరి చూపుకి పనికొచ్చేది అద్దం కింది భాగం మాత్రమే. పడుకున్నప్పుడు పుస్తకం ఆ భాగానికి ఎదురుగా రాదు, తలెత్తి గడ్డం ముందుకి చాస్తే తప్ప. మళ్ళీ వెళ్ళి, చదవడానికి మాత్రమే పనికొచ్చే ఒకే పవర్ అద్దాలు ఇంకో జత చేయించుకున్నాను. మంచంలో చదివే అలవాటున్నవాళ్ళు ఈ సంగతి ముందే చెప్పండి, లేదా మీరు చదివే పుస్తకాన్నే పరీక్షకి తీసుకెళ్ళండి. దీపాన్ని కూడా మార్చాను. వెలుగు కళ్ళలోకి కాకుండా భుజం మీదుగా పేజీ మీద పడేలా.

వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదవడం ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు, తగ్గింది. మన చూపు పంక్తి మీద నీళ్ళలా జారదు, చిన్న చిన్న గెంతులు వేస్తుంది. ప్రతి మజిలీ దగ్గర సుమారు పావు సెకను ఆగుతుంది. చదవడంలో ఆరితేరినవాళ్ళ చూపు కూడా పది గెంతుల్లో ఒకటి వెనక్కే వేస్తుందట. అది తెలిశాక వెనక్కి వెళ్ళడం తప్పులా అనిపించడం మానేసింది.

అప్పుడు నోట్‌బుక్ తెరిచి, ఆగిపోయిన తొమ్మిది పుస్తకాల్నీ బయటికి తీశాను. వాటిలో ఐదింటిని నాలుగు నెలల్లో పూర్తిచేశాను. ఒక నవలైతే 60వ పేజీ దగ్గర వదిలేసి, స్నేహితురాలితో 'పట్టు లేదు' అని చెప్పేశాను కూడా. రెండోసారి అదే పేజీ దాటగానే ఒక తల్లి తన కొడుక్కి రాసిన ఉత్తరం వచ్చింది, చదివి ఏడ్చాను. ఆ పుస్తకానికి నేను అన్యాయం చేశాను. మర్నాడే ఫోన్ చేసి, అది నా కంటి దోషమే గానీ రచన దోషం కాదని చెప్పాను. అలా చెప్పకపోతే నిద్ర పట్టేది కాదు.

ఇంకో మూడు నిజంగానే నాకు నచ్చలేదు. అక్షరాలు స్పష్టంగా కనిపించినా నచ్చలేదు. అదీ మంచిదే, వాటిని నిస్సందేహంగా పక్కన పెట్టేశాను. రాత్రి పదకొండింటికి నచ్చని పుస్తకాన్ని ఇప్పుడు మరునాడు ఉదయం ఇంకో పది పేజీలు చూశాకే వదిలేస్తాను.

ఈ ఏడాదిన్నరలో నా ఇష్టాలు కూడా కాస్త జరిగాయి. రాత్రికి కథలు, ఉత్తరాలు, ఆత్మకథలు. నవలలు ఉదయం వెలుగులో. కుట్టు బైండింగ్ పుస్తకాలంటే ప్రాణం. తెరిచిపెడితే తెరిచినట్టే ఉంటాయి, రెండు చేతులతో అదిమి పట్టుకోనక్కర్లేదు. జిగురుతో అంటించిన లావు పుస్తకాల్లో లోపలి అంచు దగ్గరి అక్షరాలు మడతలో దాక్కుంటాయి, చూపు మళ్ళీ మళ్ళీ అక్కడ తట్టుకుంటుంది. ఈ-రీడర్ మీద అక్షరాల్ని పెంచుకోవచ్చు కాబట్టి ప్రయాణాలకి అదే. కానీ తెలుగు పాత పుస్తకాలు చాలావరకు స్కాన్ చేసిన పేజీలే. అక్కడ అక్షరం పెరగదు, పేజీ బొమ్మ మొత్తం పెరుగుతుంది. ఒక్కో పంక్తికీ తెరని కుడికీ ఎడమకీ జరుపుకుంటూ పోవాలి. ఆ పుస్తకాల్ని ఓపిగ్గా మళ్ళీ టైపు చేసి, అక్షరదోషాలు దిద్ది పెడుతున్నవాళ్ళకి నాలాంటివాళ్ళం ఎంత రుణపడి ఉన్నామో మాటల్లో చెప్పలేను.

తొమ్మిదిలో మిగిలింది ఒకటి. పాత ముద్రణ, అక్షరాలు మరీ చిన్నవి, కాగితం పసుపెక్కింది. అద్దాలున్నా రాత్రి దాని జోలికి వెళ్ళను. ఆదివారం పొద్దున్నే కిటికీ పక్కన కూర్చుని, పంక్తి కింద తెల్ల కాగితం ముక్క పెట్టుకుని చదువుతున్నాను. నిన్నటికి 212వ పేజీ. మొత్తం 388.