వెనక కనిపించని కూపే: కాలువ గట్టు మీద ఆరు నెలల పని

జూన్ మొదటి వారం

కారు ఇంటికొచ్చి పది రోజులైంది. రెండు డోర్ల పాత కూపే, సెకండ్ హ్యాండ్. బ్రాండ్ పేరు రాయడం లేదు. ఈ ఆకారంలో ఉన్న కార్లన్నిటిదీ దాదాపు ఇదే ఇబ్బంది: టాప్ బాగా కిందికి ఉంటుంది, వెనక గాజు పడుకున్నట్టు ఉంటుంది, డిక్కీ ఎత్తు, గాజుకు రెండు పక్కలా లావుపాటి పిల్లర్లు. వీటికి తోడు పాత ఓనరు బయట కొని డిక్కీ మీద రెక్కలా బిగించిన స్పాయిలర్ ఒకటి. సీట్లో కూర్చుని లోపలి అద్దంలోకి చూస్తే నాలుగు వేళ్ల మందం ఆకాశం, దాన్ని అడ్డంగా కోస్తూ స్పాయిలర్ గీత. అంతే.

హైవే మీద దీన్ని భరించొచ్చు. మా ఇల్లు కోనసీమలో, అంబాజీపేట నుంచి లోపలికి, కాలువ గట్టు మీద. గట్టు రోడ్డు ఒక ట్రాక్టరు పట్టేంత వెడల్పు. ఒక పక్క కాలువ, రెండో పక్క బోదె (నీళ్లు పారే చిన్న కాలవ), దాని అవతల కొబ్బరి తోట. ఎదురుగా బండి వస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి వెళ్లాలి, తూము దగ్గరో వంతెన దగ్గరో కాస్త చోటు దొరికేదాకా. పట్నంలో రివర్స్ అంటే పార్కింగ్. మాకు అది రోజూ చేసే డ్రైవింగే. వేసవిలో కట్టేసిన కాలువలకు ఈ నెలలో నీళ్లు వదులుతారు. అందుకే సస్పెన్షన్, సైలెన్సర్ పనులన్నీ పక్కన పెట్టి ముందు వెనక చూపు సంగతి పట్టుకున్నాను.

మొదటి పని కొలత. కారు ఇంటి ముందు పెట్టి నేను సీట్లో కూర్చున్నాను. మూడడుగుల కర్ర ఒకటి తమ్ముడి చేతికిచ్చి, బంపర్ దగ్గర నిలబెట్టి, మెల్లగా వెనక్కి జరుపుతూ వెళ్లమన్నాను. కర్ర కొన లోపలి అద్దంలో కనిపించగానే హారన్ కొట్టాలి, వాడు అక్కడ అమ్మ ముగ్గుపిండితో గీత గియ్యాలి. మొదటి గీత 11 అడుగుల దగ్గర పడింది. మూడడుగులంటే మా మేనల్లుడి ఎత్తు కన్నా కాస్త తక్కువ. తర్వాత మేకపిల్లంత ఎత్తున, రెండడుగుల కర్ర పెట్టాం. అది 37 అడుగుల దాకా కనిపించలేదు. నేల కనిపించాలంటే వాకిట్లో చోటు చాల్లేదు. రోడ్డు మీదికి తీసుకెళ్లి కొలిస్తే దాదాపు 90 అడుగులు.

ఆ తెల్ల గీతలు చూసి అమ్మ ఒకటే అడిగింది, "ఇంత దూరం ఏమీ కనపడదా?" ఆ రోజు నుంచి కారు తీసే ముందు ఒకసారి వెనక్కి నడిచి చూసి ఎక్కుతున్నాను. ఎన్ని అద్దాలు పెట్టినా ఆ అలవాటు మానను.

జూన్ మూడో వారం: స్పాయిలర్ తీసేశాను

ఆరు నెలల్లో ఎక్కువ ఫలితం ఇచ్చిన పని ఇదే, ఖర్చు మాత్రం దాదాపు సున్నా. డిక్కీ మూత లోపలి నుంచి రెండు బోల్టులు, పైన డబుల్ సైడ్ టేపు. హెయిర్ డ్రయ్యర్‌తో టేపు వేడి చేసి, చేపలు పట్టే నైలాన్ దారాన్ని కిందుగా రంపంలా లాగితే పెయింట్ చెడకుండా వచ్చేసింది. రంధ్రాల్లో రబ్బరు గ్రామెట్లు పెట్టి చుట్టూ సీలెంట్ పూశాను. తగ్గిన ఎత్తు రెండంగుళాలే. మళ్లీ కొలిస్తే మూడడుగుల కర్ర 4 అడుగుల దగ్గరే కనిపించింది. రెండడుగులది 21 అడుగుల దగ్గర, నేల 55 అడుగుల దగ్గర.

రెండంగుళాలకు ఇంత తేడా ఎందుకంటే లోపలి అద్దానికీ డిక్కీ అంచుకూ మధ్య ఎత్తు తేడా అసలే ఐదారు అంగుళాలు. చూపు దాదాపు అడ్డంగా పోతోంది. అలాంటప్పుడు అంచు కాస్త దిగినా చూపు నేలకు తగిలే చోటు చాలా దగ్గరికి వచ్చేస్తుంది.

ఇక్కడే నేను పొరపడ్డ సంగతి ఒకటి చెప్పాలి. సీటు ఎత్తితే వెనక ఇంకా బాగా కనిపిస్తుందని లీవర్‌తో ఒక అంగుళం పైకి లేపాను. లోపలి అద్దంలో ఏ మార్పూ రాలేదు. ఆలోచిస్తే అర్థమైంది: వెనక గాజులోంచి చూస్తున్నది నా కళ్లు కావు, అద్దం. కళ్లు పైకి పోతే అద్దం వంపు కాస్త మార్చుకుంటాం, అంతే. కిందికి చూపు పెరగాలంటే అద్దమే పైకి పోవాలి, లేదా డిక్కీ అంచు కిందికి రావాలి. సీటు ఎత్తడం వల్ల మెడ తిప్పి భుజం మీదుగా చూసే చూపు మాత్రం మెరుగైంది. అందుకని అలాగే ఉంచాను.

జులై: పక్క అద్దాలు

చాలామందిలాగే నేనూ పక్క అద్దాల్లో మూడో వంతు నా కారే కనిపించేలా పెట్టుకునేవాణ్ని. మన కారు మన వెనకే వస్తుంది, దాన్ని చూసుకోవాల్సిన పని లేదు. 1995లో జార్జ్ ప్లాట్జర్ అనే అమెరికన్ ఇంజనీరు ఈ అద్దాల లెక్క మీద ఒక పత్రం రాశాడు. ఆయన పద్ధతి మన కుడి స్టీరింగ్‌కు మార్చి చెబుతాను. తల కుడి కిటికీ గాజుకు ఆనించి, కుడి అద్దంలో మన కారు పక్క అంచు కనిపించీ కనిపించనట్టు ఉండేదాకా అద్దాన్ని బయటికి తిప్పాలి. తర్వాత తల కారు మధ్యకు, రెండు సీట్ల నడిమికి తెచ్చి ఎడమ అద్దాన్నీ అలాగే పెట్టాలి. మామూలుగా కూర్చుంటే మన కారు ఏ పక్క అద్దంలోనూ కనిపించదు. మొదట్లో వింతగా ఉంటుంది, నాకు నాలుగు రోజులు టెన్షన్ పోలేదు.

పరీక్షకు 216 నంబరు హైవే మీద అమలాపురం నుంచి రాజోలు వైపు వెళ్లాను. ఎడమ లైన్‌లో నెమ్మదిగా పోతూ, దాటిపోయే ప్రతి బస్సునూ గమనించాను. సరిగ్గా పెట్టిన అద్దాల్లో బస్సు లోపలి అద్దం నుంచి తప్పుకునేలోపే కుడి అద్దంలోకి రావాలి, కుడి అద్దం నుంచి తప్పుకునేలోపే కంటి చివర్లో నేరుగా కనిపించాలి. రెండోది జరిగింది, మొదటిది జరగలేదు. లోపలి అద్దానికీ కుడి అద్దానికీ మధ్య ఒక మోటార్‌సైకిల్ పూర్తిగా మాయమయ్యేంత ఖాళీ ఉంది. కారణం పిల్లర్లు. మామూలు సెడాన్‌లో లోపలి అద్దం వెనకంతా చూపిస్తుందన్న నమ్మకం మీద ఆ పద్ధతి నిలబడుతుంది, కూపేలో ఆ చూపే ఇరుకు. అందుకని రెండు పక్క అద్దాలనూ కొద్దిగా లోపలికి తెచ్చాను, వెనక డోర్ ఉండాల్సిన చోట వేలి మందం రేకు కనిపించేంత. ఖాళీ మూసుకుపోయింది. లో-రూఫ్ కారున్నవాళ్లు ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు కాకుండా ఇలా బస్సుతో పరీక్షించి పెట్టుకోండి.

పక్క అద్దాలు రెండూ కుంభాకారం. వీటిలో దూరం మోసం చేస్తుందని అందరికీ తెలుసు, ఎంత మోసం చేస్తుందో లెక్క వేసి చూశాను. అద్దం వక్రతా వ్యాసార్థం 1.2 మీటర్లు, కంటికీ అద్దానికీ మధ్య 80 సెంటీమీటర్లు అనుకుంటే, 10 మీటర్ల వెనక ఉన్న బస్సు సమతల అద్దంలో అయితే ఉండే పరిమాణంలో సగం కన్నా తక్కువగా కనిపిస్తుంది. అంటే 24 మీటర్ల దూరంలో ఉన్న బస్సులా. అందుకే లైన్ మారే ముందు పక్క అద్దంలో బండి ఉందో లేదో మాత్రమే చూస్తాను. ఎంత దూరంలో ఉందన్నది లోపలి సమతల అద్దంలో తేల్చుకుంటాను.

ఎడమ అద్దంతో ఇంకో సమస్య. హైవేకు పెట్టిన కోణంలో గట్టు అంచు, వెనక చక్రం కనిపించవు. అద్దాల కోణాల్ని గుర్తుపెట్టుకుని మార్చే మెమరీ నా కారులో లేదు. రెండంగుళాల గుండ్రటి స్టిక్-ఆన్ అద్దం కొని, ఎడమ అద్దం కింది బయటి మూలలో, వెనక చక్రమూ దాని పక్క అడుగున్నర నేలా కనిపించేలా అంటించాను. మొదటిది మూడో రోజుకే ఊడి పడింది. తప్పు నాదే, వానలో తడిసిన అద్దాన్ని తుడిచి వెంటనే అంటించాను. రెండోసారి మెడికల్ షాపు స్పిరిట్‌తో తుడిచి, ఎండలో వెచ్చబడనిచ్చి, నిమిషం సేపు గట్టిగా నొక్కి పట్టి, ఒక రోజు తడి తగలకుండా ఉంచాను. ఇప్పటికీ కదల్లేదు.

ఆగస్టు: పొరపాటు కొనుగోలు, పొగ పట్టే గాజు

లోపలి అద్దం మీద క్లిప్‌తో తగిలించే 300 మిల్లీమీటర్ల వంపు అద్దం కొన్నాను. పది రోజులకు తీసేశాను. అది అసలు అద్దం కన్నా కిందికి వేలాడుతుంది, దాంతో స్పాయిలర్ తీసి సంపాదించిన చూపు కొంత మళ్లీ పోయింది. ఇంకో నష్టం రాత్రిపూట. అసలు అద్దం గాజు ఒక పక్క మందం, ఒక పక్క పలచన. కింద ఉన్న చిన్న మీట లాగితే వెనకున్న వెండి పూత వెలుగును పైకప్పు వైపు పంపేసి, గాజు ముందు తలం నుంచి వచ్చే నాలుగు శాతం వెలుగే కంటికి చేరుతుంది. క్లిప్ అద్దం దాన్ని కప్పేస్తుంది. నేల మీద పాకుతున్నట్టుండే కారులో లారీ హెడ్‌లైట్లు సరిగ్గా కళ్ల ఎత్తులోనే ఉంటాయి, ఆ మీట లేకుండా రావులపాలెం నుంచి రాత్రి రావడం నరకం.

వెనక గాజుకు పాత ఓనరు నల్ల ఫిల్మ్ వేయించాడు. వెనక గాజులోంచి కనీసం 70 శాతం వెలుతురు రావాలన్నది మోటారు వాహనాల నిబంధన. నిబంధన సంగతి అలా ఉంచినా, సందెవేళ గట్టు మీద ఆ గాజులోంచి ఏమీ కనపడదు. సబ్బు నీళ్లు, వేడి, ఓపికతో తీశాను. చివరి మూలలో ఓపిక తగ్గి బ్లేడు వాడాను, డీఫాగర్ (గాజుకు పట్టిన ఆవిరి పొగను కరెంటు వేడితో ఆరబెట్టే సన్నటి గీతలు) గీత ఒకటి తెగింది. మా దగ్గర వానాకాలంలో గాలంతా నీరే. గాజు మొత్తం ఆరిపోయినా తెగిన గీత చుట్టూ ఒక పట్టీ పొగ అలాగే నిలిచిపోయేది, అదీ సరిగ్గా చూపు పోయే చోట.

తెగిన చోటు కంటికి కనపడదు. మల్టీమీటరుతో పట్టుకోవచ్చు. డీఫాగర్ ఆన్ చేసి, నల్ల ప్రోబ్ బాడీకి పెట్టి, ఎర్ర ప్రోబ్ మొనకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి గీత మీద మెల్లగా జరపాలి. బాగున్న గీతలో 12 వోల్టులు ఒక కొస నుంచి రెండో కొసకు కొంచెం కొంచెంగా తగ్గుతూ మధ్యలో ఆరు దగ్గర ఉంటాయి. తెగిన గీతలో 12 అలాగే నడిచి, తెగిన చోట ఒక్కసారిగా సున్నా అవుతుంది. అక్కడ గీతకు పైనా కిందా టేపు వేసి, వెండి కలిసిన కండక్టివ్ పెయింట్ రెండు పూతలు వేశాను. ఒక రోజు ఆరాక ఆన్ చేస్తే ఆ పట్టీ కూడా మిగతావాటితో పాటు తేటపడింది. నిలబడి చాలాసేపు చూశాను, అంత తృప్తిగా అనిపించింది.

సెప్టెంబరు, అక్టోబరు: కెమెరా, సెన్సర్లు

2019 జులై నుంచి కొత్త కార్లకు రివర్స్ సెన్సర్లు తప్పనిసరి. నాది అంతకు ముందుది, ఏమీ లేవు. సెన్సర్లు బంపర్‌కు, కెమెరా నంబర్ ప్లేటు పైన బిగించాను. షాపు కుర్రాడు కరెంటు రివర్స్ బల్బు తీగ నుంచి తీసుకున్నాడు, బొమ్మ పైకీ కిందికీ గీతలు గీతలుగా ఊగింది. కొన్ని కార్లలో ఆ బల్బుకు కరెంటు తెంపులు తెంపులుగా వెళ్తుంది. దానికి మందు రిలే, అంటే కరెంటుతో పడే స్విచ్: బల్బు తీగ రిలే కాయిల్‌ను మాత్రమే లేపుతుంది, కెమెరాకు కరెంటు ఫ్యూజు నుంచి విడిగా వస్తుంది. నా కాయిల్ కూడా మొదట గిలగిలలాడితే, డయోడూ చిన్న కెపాసిటరూ కలిపాక కుదురుకుంది.

స్క్రీను మీద వచ్చే రంగు గీతల్ని నమ్మకండి. మళ్లీ ముగ్గుపిండి తీసి బంపర్ నుంచి 1, 2, 3 మీటర్ల దగ్గర గీతలు గీసి చూస్తే, ఎర్ర గీత అసలు దూరానికి 40 సెంటీమీటర్లు తేడా. కెమెరా వంపు సరిచేసి, మిగిలిన తేడాకు స్క్రీను మీద సన్నటి టేపు ముక్కలు అంటించాను.

సెన్సర్ల గురించి గట్టు మీద తెలుసుకున్న సంగతి. అవి నిలబడి ఉన్నదాన్ని చెబుతాయి. నేల అయిపోయిందని చెప్పవు. మోకాలెత్తు గడ్డి తగిలితే గగ్గోలు పెడతాయి, పక్కనే కాలువలోకి జారే అంచు ఉంటే నోరెత్తవు. గట్టు మీద వాటిని స్విచ్‌తో ఆపేస్తున్నాను, ఎడమ మూలనున్న రెండంగుళాల అద్దమే నాకు ఆధారం.

నవంబరు: సార్వా (ఖరీఫ్ వరి) కోతలు

ఆదివారం సాయంత్రం ధాన్యం బస్తాల ట్రాక్టరు ఎదురైంది. ట్రక్కుతో ఉన్న ట్రాక్టరు వెనక్కి పోలేదు, నేనే పోవాలి. వెనక తూము దాకా నూట యాభై అడుగులు. ట్రాక్టరు మీద నుంచి ఒకాయన దిగి నా కుడి పక్కకు వచ్చాడు.

"కాలవ పక్క మట్టి మెత్తగా ఉందండి బాబూ, ఇటు కొట్టుకు రండి."

"తూము గోడ మీకు కనపడుతోందా అండి?"

"ఆయ్, కనపడుతోంది. రండి, రండి."

ఎడమ చిన్న అద్దంలో వెనక చక్రం, దాని పక్క తడి మట్టి, ఆ పక్క గడ్డి, దాని పక్క నీళ్ల మెరుపు. చక్రానికీ గడ్డికీ మధ్య జానెడు ఎప్పుడూ ఉండేలా చూసుకుంటూ వచ్చాను. కుడి అద్దంలో బోదె. తూము దగ్గర చివరి ఆరడుగులకు మాత్రమే స్క్రీను చూశాను, టేపు ముక్క దగ్గరికి గోడ రాగానే ఆపాను. దిగి కొలిస్తే గోడకు మీటరుకు నాలుగంగుళాలు తక్కువ. ట్రాక్టరు బస్తాలతో ఊగుతూ దాటిపోయింది.

ఇంకా మిగిలినవి రెండు. గట్టు దుమ్ముకూ బురదకూ కెమెరా లెన్స్ రోజూ మూసుకుపోతోంది, దానికి పైన చిన్న రేకు గొడుగు చేయించాలి. తర్వాత సఖినేటిపల్లి రేవులో కారును పంటు (బండ్లను గోదావరి దాటించే పడవ) ఎక్కించాలి. అక్కడ పలకల మీదికి వెనక్కి ఎక్కించాల్సి వస్తే బంపర్ కింది అంచు తగులుతుందేమో ముందు ఖాళీ రోజున వెళ్లి వాలు కొలుచుకొస్తాను.