బోర్డరే కదా అన్నారు

మా బాబు కడుపులో ఉండగా, ఏడో నెలలో నాకు షుగరొచ్చింది. అది 2011. పూటపూటకీ వేలికి సూదిపోటు, మామిడిపళ్ళ కాలమంతా వాసన చూసి ఊరుకోవడం. కాన్పయిన మూడోరోజు నర్సమ్మ పరీక్ష చేసి, "పోయిందమ్మా, ఇంక హాయిగా తిను" అంది. తిన్నాను. పన్నెండేళ్ళకు పైగా హాయిగా తిన్నాను. కాన్పయ్యాక 6 నుంచి 12 వారాల మధ్య గ్లూకోజు తాగి మళ్ళీ పరీక్ష చేయించుకోవాలనీ, ఆ తరవాత కూడా మూడేళ్ళు దాటకుండా చూపించుకుంటూ ఉండాలనీ ఆ ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదు. రాసిచ్చారేమోనని మొన్న బీరువాలోంచి డిశ్చార్జి కాగితం తీసి మరీ చూశాను. బాబు బరువుంది, టీకాల తేదీలున్నాయి. నా షుగరు ఊసే లేదు.

2024 జనవరిలో ఆయన ఆఫీసువాళ్ళు చేయించిన చెకప్‌లో బయటపడింది. పరగడుపున 112. మూడు నెలల సరాసరి చెప్పే హెచ్‌బీఏ1సీ 6.3. ల్యాబు కుర్రాడు "బోర్డరే మేడమ్" అన్నాడు. ఇంటికొస్తే ఆయనా "బోర్డరే కదా" అన్నారు. మా అత్తయ్య అయితే "బోర్డరంటే లేనట్టే" అని తేల్చేసి కాఫీ ఇచ్చారు, ఎప్పట్లాగే రెండు చెంచాల పంచదారతో. నాకూ ఆ మాటే హాయిగా అనిపించింది.

మే నెలలో నాన్నని తీసుకుని విశాఖ బీచ్ రోడ్డులో కాళీమాత గుడికెళ్ళాం. దర్శనమయ్యేసరికి పదకొండు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆటో కోసం నడుస్తుంటే మావాడు, "తాతా, నీ చెప్పేదీ?" అన్నాడు. చూద్దును కదా, నాన్న ఎడమకాలు తారురోడ్డు మీద వట్టిదే ఉంది. చెప్పు ఎక్కడో వెనక కొబ్బరిబొండాల బండి దగ్గర పడుంది. అంత దూరం ఒక కాలు కాలుతూ నడిచాడు, ఆయనకే తెలీలేదు. ఇంటికొచ్చాక అరికాల్లో రూపాయి బిళ్ళంత బొబ్బ. "నొప్పేం లేదమ్మా" అన్నాడు, అదేదో మంచి కబురన్నట్టు. పాతికేళ్ళ షుగరు ఆయనది. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. మొదట్లో ఆయనదీ బోర్డరేనట, అమ్మ చెప్పింది.

నాన్నకి కట్టు కట్టించడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మకి నా కాగితాలూ చూపించాను. బోర్డరన్న మాట వినగానే ఆవిడకి కోపమొచ్చింది. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, 6.5 నుంచి డయాబెటిస్ అంటారు. ఆ 6.5 గీత ముఖ్యంగా కంటి రెటీనా ఎక్కణ్ణుంచి దెబ్బతింటోందో చూసి గీసింది. "గుండె ఆ గీత దాకా ఆగదమ్మా" అన్నారావిడ. నా బీపీ 138/88, రక్తంలో కొవ్వు, అదే ట్రైగ్లిజరైడ్లు, 212, స్కానింగులో లివరుకి కొవ్వు, నడుము 94 సెంటీమీటర్లు. మన ఆడవాళ్ళకి 80 దాటకూడదట. నేను వీటిని నాలుగు వేరు వేరు చిన్న సంగతులనుకున్నాను. ఇన్సులిన్ ఉండి కూడా ఒంట్లో సరిగ్గా పనిచేయకపోతే ఇవన్నీ చుట్టాల్లా ఒకరి వెనక ఒకరు దిగుతారట. మందు వేయకుండా, మనిషి మారకుండా వదిలేస్తే కిడ్నీ దాకా వెళ్తారట.

ఇంకో చిక్కు. నా హిమోగ్లోబిన్ 9.4. ఐరన్ తక్కువైతే ఆ 6.3 ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చని 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష రాశారు. పరగడుపున ఆ పాకం తాగి రెండు గంటలు బెంచీ మీద కూర్చోవడం కాన్పు రోజులని గుర్తుచేసింది, కడుపులో తిప్పడంతో సహా. 168 వచ్చింది. 140 దాటింది, 200 చేరలేదు. అంటే ప్రీడయాబెటిసే, అనుమానం తీరిపోయింది.

మందు ఇమ్మంటే ఇస్తాను, ముందు ఆర్నెల్లు చూద్దామన్నారు డాక్టరమ్మ. అమెరికాలో మూడువేల మందికి పైగా నాలాంటివాళ్ళని పరిశీలించి 2002లో ఫలితం చెప్పారట: ఒంటి బరువులో 7 శాతం తగ్గి, వారానికి 150 నిమిషాలు నడిచే పద్ధతిలో షుగరు రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ మాత్రతో 31 శాతం. నాది 71 కిలోలు. అంటే ఐదు కిలోలు. వినడానికి ఎంతలే అనిపించింది.

మొదటి తప్పు చోడి అంబలి, అదే రాగి జావ, దగ్గర చేశాను. షుగరుకి చోళ్ళు అమృతమని అందరూ అంటారు కదా, పొద్దున్నే పెద్ద గ్లాసుడు మెత్తటి పిండితో జావ కాచుకుని, బెల్లం వేస్తే పంచదార కాదు కదా అని ఓ ముక్క కూడా వేసుకుని తాగాను. గంటకి గ్లుకోమీటరు 193 చూపించింది. మా అత్తయ్య మిషనుకే రోగమన్నారు. మర్నాడు రెండు పెసరట్లు, అల్లం పచ్చడి తిని చూస్తే 141. అప్పట్నుంచి మిషను మాటే విన్నాను. ఎంవీపీ కాలనీ రైతుబజారు కూరలు సంచీలో పెరిగాయి, కంచంలో అన్నం సగమైంది. ఆనపకాయంటే మావాడికి ఇప్పటికీ ఏడుపే.

నడక తెల్లారి బీచ్ రోడ్డులో, బళ్ళు ఆపేసే వేళకి. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దాకా వెళ్ళి వెనక్కి. వానాకాలంలో పన్నెండు రోజులు ఎగ్గొట్టాను, పెళ్ళిళ్ళలో పూర్ణం బూరెలు తిన్నాను. రాత్రి తిన్నాక డాబా మీద పదిహేను నిమిషాలు మాత్రం మానలేదు. నన్నడిగితే ఎక్కువ మేలు చేసింది అదే.

2025 జనవరికి బరువు 65.5. హిమోగ్లోబిన్ 12 దాటింది. హెచ్‌బీఏ1సీ 5.8. బీపీ 124/80. "ఇంకేం, పోయినట్టేగా" అన్నారు ఆయన. ఈ మాట ఇంతకుముందు ఎక్కడో విన్నాను. వచ్చే పరీక్ష తేదీ క్యాలెండరు మీద ఎర్రసిరాతో రాశాను.

నాన్న అరికాళ్ళు రోజూ చూడమన్నారు డాక్టరమ్మ. నాన్నకి వంగడం కుదరదు, చూపూ ఆనదు. ఆ పని మావాడిది. రాత్రి ఫోన్ లైటు వేసి, వేళ్ళ సందుల్లో కూడా చూసి, ఐదు రూపాయలు తీసుకుంటాడు. నిన్న పది అడిగాడట, రెండు కాళ్ళు కదా అని.