మూడో ప్లగ్గు: నా అనుభవం

నిన్న సాయంత్రమే బండి ఇంటికొచ్చింది. చేతులకు గ్రీజు వాసన ఇంకా వదల్లేదు.

మాది 1996 మారుతి 800, పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బురేటర్ ఉన్న పాత మోడల్. నాన్న కొన్నది. నెల రోజులుగా మిస్సింగ్ కొడుతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే బండి జ్వరమొచ్చినట్టు వణుకుతుంది, పికప్ లేదు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే బానెట్ ఎత్తి చూసి "కార్బురేటర్ మార్చాలి సార్, అయినా ఇంకా ఎన్నాళ్ళు నడుపుతారు, అమ్మేయండి" అన్నారు. ఇంజన్‌లో పెట్రోలు అంటించే స్పార్క్ ప్లగ్గులు మూడున్నాయి, సిలిండర్‌కొకటి. వాటిలో ఒక్క ప్లగ్గు కూడా విప్పి చూడలేదు. ఈ బండి తయారీయే 2014లో ఆపేశారు. ఆ కుర్రాళ్ళు కార్బురేటర్ బండి మీద చెయ్యి పెట్టి ఉండరు. దానికి నా బండిని అమ్మేయమనడం దేనికి?

ఇరవై ఏళ్ళుగా ఆయిల్ నేనే మార్చుకుంటున్నాను, ప్లగ్గులు ఒక లెక్కా అనుకున్నాను. మూడు కొత్తవి ఐదొందల లోపే వచ్చాయి. వైర్లు తారుమారు కాకుండా మా ఆవిడ గోళ్ళ రంగుతో ఒకటి, రెండు, మూడు చుక్కలు పెట్టాను. ఇంజన్ పూర్తిగా చల్లారాక విప్పాను. ప్లగ్గులు బిగించే ఇంజన్ పైభాగం, అంటే హెడ్, అల్యూమినియం. వేడి మీద విప్పితే మర పాడవుతుంది.

మొదటి రెండూ కాఫీ రంగులో ఉన్నాయి. మంట బాగానే ఉందన్నమాట. కానీ నిప్పురవ్వ పుట్టే మధ్య పుల్ల అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. మాన్యువల్ ప్రకారం రవ్వ దూకే సందు, అంటే గ్యాప్, 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి, సందు కొలిచే రేకు (ఫీలర్ గేజి) పెడితే ఒక మిల్లీమీటరు దాటింది. గ్యాప్ పెరిగేకొద్దీ ప్లగ్గులకి కరెంటు పంపే కాయిల్ ఎక్కువ వోల్టేజీ ఇవ్వాలి, అంచు మొద్దుబారితే ఇంకా ఎక్కువ. మూడోది మాత్రం పొయ్యి వెనక గోడలా మసి. మూడింటికీ పెట్రోలు పంపేది ఒకే కార్బురేటర్, తప్పు దానిదైతే మూడూ నల్లబడాలి కదా! ఇది ఆ సర్వీస్ సెంటర్‌లో ఎవరికీ తట్టలేదు.

ఇక్కడిదాకా నేనే హీరో. రెండు ప్లగ్గులు ఎక్కించాను. మూడోది రెండు చుట్లకే బిగుసుకుంది. పాత ఇంజన్, కార్బన్ అడ్డొచ్చి ఉంటుందిలే అనుకుని స్పానర్‌కి ఇనప గొట్టం తగిలించి లాగాను. కరకరమంది, తర్వాత హఠాత్తుగా వదులైపోయింది. ఆ వదులు చేతికి తెలియగానే కడుపులో చల్లబడింది. సెల్ఫ్ కొడితే ప్లగ్గు పక్కనుంచి ఉస్‌ ఉస్‌మని గాలి.

మా విజయవాడ లబ్బీపేట నుంచి ఆటోకి తాడు కట్టించి, మెకానిక్ షెడ్లుండే ఆటోనగర్‌కి లాక్కెళ్ళాం. బెంజ్ సర్కిల్లో అందరూ చూస్తుండగా స్టీరింగ్ పట్టుకుని కూర్చోవడం ఏమిటో కూర్చున్నవాడికే తెలుసు. అక్కడ ముసలి మేస్త్రి ప్లగ్గు బయటకు తీసి, మర సందుల్లో మెలితిరిగిన అల్యూమినియం పీచు గోటితో లాగి చూపించాడు. ప్లగ్గు వంకరగా దిగి హెడ్ మరని కోసేసింది. "ఎవరు బిగించారు సార్?"

"పాత మెకానిక్" అన్నాను.

మేస్త్రి ఏమీ అనలేదు. నా చేతుల వంక చూశాడు, గోళ్ళ నిండా నల్లగ్రీజు. పక్కన ఇరవై ఏళ్ళు కూడా లేని హెల్పర్ కుర్రాడు తల తిప్పుకుని నవ్వాడు. సిగ్గుతో చచ్చాను. నిజం చెప్పేసుంటే అక్కడితో పోయేది.

హెడ్ విప్పకుండానే చేశారు. మర కోసే పనిముట్టు ట్యాప్‌కి దట్టంగా గ్రీజు పూసి మెల్లగా కొత్త మర కోశారు, రజను లోపల పడకుండా గ్రీజుకే అంటుకుంటుందట. మిగిలింది గాలి కొట్టి ఊదారు. అందులో స్ప్రింగులాంటి స్టీలు చుట్ట ఎక్కించారు, ఇక ప్లగ్గుకి అదే మర. ఐదొందల పనికి ఇంకో పద్దెనిమిది వందలు.

కొత్త ప్లగ్గు ఎక్కించే పని కుర్రాడిది. జానెడు పెట్రోలు రబ్బరు పైపు ముక్కని ప్లగ్గు తలకి తొడిగి వేళ్ళతో తిప్పాడు. మర తప్పుపట్టిందా, పైపే జారిపోతుంది, ప్లగ్గు ముందుకు పోదు. చేత్తో ఆఖరిదాకా వెళ్ళాక స్పానర్‌తో అర చుట్టు పైన ఇంకాస్త, అంతే. ఇంజన్ కుట్టు మిషన్‌లా ఆడింది.

డబ్బులిచ్చి బయల్దేరుతుంటే ఆ పైపు ముక్క కిటికీలోంచి అందించాడు.

"మీ పాత మెకానిక్‌కి ఇవ్వండి సార్."