ఆ నలభై గదులు

మా హోటల్ మేనేజ్‌మెంట్ క్లాసుకి కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి వారంలో బోర్డు మీద రెండు హోటళ్ళ లెక్క రాస్తాను. రెండింట్లోనూ 200 గదులే. మొదటిదాంట్లో నిన్న రాత్రి 160 గదులు నిండాయి, సగటు ధర 100. రెండోదాంట్లో 200 గదులూ నిండాయి, సగటు ధర 80. రెవ్‌పార్ ఎంత? అంటే హోటల్లో ఉన్న మొత్తం గదుల మీద గదికి సగటున వచ్చిన ఆదాయం. పిల్లలు ఫోన్ తీయకుండానే చెప్పేస్తారు, రెండూ 80 అని. "అయితే ఏది బాగా నడుస్తోంది?" అంటే ఎక్కువమంది "రెండూ ఒకటే సార్" అంటారు. హోటల్ నిండితే రెస్టారెంట్‌కీ మనుషులొస్తారు కాబట్టి రెండోదే నయమని ఒకరిద్దరు వాదిస్తారు. అది తప్పేమీ కాదు.

"మరి రెండోదాంట్లో ఎక్కువగా నిండిన ఆ నలభై గదులూ పొద్దున్న ఎవరు చేశారు?" అని అడుగుతాను.

క్లాసులో మాట వినపడదు. గదికి అరగంట చొప్పున వేసుకున్నా ఇరవై గంటల పని. షిఫ్టుకి 14 గదులు చేసే మనుషులు ముగ్గురు కావాలి. దుప్పట్లు, తువ్వాళ్ళు, నీళ్ళు, కరెంటు, బుకింగ్ సైట్‌కి ఇచ్చే కమీషన్ వేరే. ఖర్చు పోగా మిగిలినదాన్ని చూపించడానికి గాప్‌పార్ అని ఇంకో లెక్క ఉంది, అదీ నేర్పిస్తాను. కానీ నాకు ముందు కావలసింది, ఆ ముగ్గురు మనుషులు పిల్లల కళ్ళకి కనపడటం.

ఎందుకంటే పంతొమ్మిదేళ్ళ కిందట ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. కొత్త దేశం, భాష సరిగా రాదు. మాటలు తక్కువ అవసరమయ్యే పని కాబట్టి హౌస్‌కీపింగ్‌లో వేశారు. తర్వాత ఫ్రంట్ ఆఫీసు, ఆ తర్వాత డ్యూటీ మేనేజరు, చివరికి గదుల విభాగం మొత్తం. మూడు దేశాల్లో పదిహేనేళ్ళు అలా గడిచాయి. పాఠాలు చెప్పడం మొదలుపెట్టి నాలుగేళ్ళయింది, అదీ పరాయి దేశంలోనే.

మొదటి సెమిస్టరు చాలా కష్టపడ్డాను. పని తెలుసు గానీ చెప్పడం తెలియదు. అతిథి నోరు తెరవకముందే కోపంగా ఉన్నాడని ఎలా తెలుస్తుందని ఒకమ్మాయి అడిగితే, "అనుభవం" అన్నాను. ఆ జవాబు ఆమెకి ఎందుకూ పనికిరాదని అన్నాకగానీ తట్టలేదు. రాత్రంతా కౌంటర్ వెనక నిలబడిన రోజులు గుర్తు చేసుకున్నాను. కీ కార్డు చేతిలో పైకి పట్టుకుని వస్తున్నారంటే తలుపు తెరుచుకోలేదు. ఫోన్ తెర మనవైపు తిప్పుకుని వస్తున్నారంటే బుకింగ్‌లో ఏదో తేడా వచ్చింది. బరువైన బ్యాగు ఉన్నా కింద పెట్టకుండా నిలబడ్డారంటే ఇక్కడ ఉండాలో వెళ్ళిపోవాలో ఇంకా తేల్చుకోలేదు. ముందు ఆ బ్యాగు కింద పెట్టించాలి, వివరణలు తర్వాత. మర్నాడు ఇవన్నీ చెబితే ఆ అమ్మాయి నోట్సు రాసుకుంది. నాకు తెలిసిందేమిటో నాకే ఆ రాత్రి తెలిసింది.

ఓవర్‌బుకింగ్ పాఠం మాత్రం పుస్తకంతో చెప్పను. నూటికి అయిదుగురు రారని అంచనా వేసుకుని గదులు ఎక్కువ అమ్మడం కాగితం మీద సులువే. అందరూ వచ్చేసిన రాత్రి ఒకరిని ఇంకో హోటల్‌కి పంపాలి. మా భాషలో దాన్ని 'వాక్ చేయడం' అంటారు. ఒక విద్యార్థిని కౌంటర్ వెనక నిలబెట్టి, ఇంకొకరిని అర్ధరాత్రి పెట్టెతో దిగిన ప్రయాణికుడిని చేస్తాను. పక్క హోటల్లో గది ఖాయం చేశాకే నోరు విప్పాలి. గది డబ్బూ కారు ఖర్చూ మనవే. పిల్లలతో వచ్చినవాళ్ళనీ, ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళనీ పంపకూడదు. తప్పు కంప్యూటర్ మీదకి తోయకూడదు.

ఇవన్నీ నేను సరిగ్గానే చేసిన ఒక రాత్రి ఉంది. రాత్రి ఒంటిగంటకి ఒకాయనని పక్క హోటల్‌కి పంపాను, ఆయన మర్యాదగానే వెళ్ళాడు. కానీ వాళ్ళమ్మకి మా హోటల్ నంబరే ఇచ్చి ఉన్నాడు. టెలిఫోన్ ఆపరేటర్‌కి చెప్పడం నేను మర్చిపోయాను. తెల్లవారుజామున ఆవిడ ఫోన్ చేస్తే ఆ పేరుతో ఇక్కడెవరూ లేరని చెప్పారు. ఆవిడ మూడుసార్లు చేసింది. మూడోసారి లాగ్‌బుక్‌లో రాశారు కాబట్టి నాకు తెలిసింది. మా అమ్మ కూడా అలాగే ఫోన్ పట్టుకుని కూర్చునే మనిషి. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. అందుకే నా క్లాసులో కౌంటర్ వెనక ఉన్నవాళ్ళు ఆపరేటర్‌కి చెప్పకుండా నాటకం ముగిస్తే మార్కులు వేయను.

ప్రపంచంలో మొదటి హోటల్ స్కూల్ 1893లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో మొదలైంది. మేనేజర్లు కావలసిన పిల్లలు అక్కడ ఈనాటికీ మొదట్లో వంటగదిలో, వడ్డనలో, గదుల్లో పని చేయాల్సిందే. పారిస్‌లో 1898లో తన పేరుతో హోటల్ తెరిచిన సీజర్ రిట్జ్ కూడా వెయిటర్‌గా పనిచేసి పైకొచ్చినవాడే. మా పిల్లల్లో కొందరికి ఈ ప్రాక్టికల్స్ అంటే చిన్నతనంగా ఉంటుంది. ఫీజు కట్టి పక్కలు వేయడమేమిటని ఒకబ్బాయి అడిగాడు కూడా. కోప్పడలేదు. షిఫ్టు షెడ్యూల్ తయారు చేయమన్నాను. మనిషికి 14 గదులు, గదికి అరగంట, మొత్తం ఏడు గంటలు, షిఫ్టు ఎనిమిది గంటలు, సరిపోయిందన్నాడు. సరే, ఒక గది చేసి చూపించమన్నాను. యాభై నిమిషాలు పట్టింది. దిండు గలీబు తెరిచి ఉన్న వైపు తలుపుకి ఎదురుగా పెట్టాడు, మళ్ళీ తిప్పించాను. తోపుడు బండి సర్దుకోవడం, లిఫ్ట్ కోసం నిలబడటం, 'దయచేసి లోపలికి రావద్దు' అన్న బోర్డు చూసి వెనక్కి వెళ్ళి మళ్ళీ రావడం అప్పటికింకా మొదలే కాలేదు.

క్లాసులో సగం మంది ఇంటర్న్‌షిప్‌కి వేరే దేశాలకి వెళతారు. వెళ్ళేముందు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి కాంట్రాక్టు చదివిస్తాను. వారానికి సెలవు ఎన్ని రోజులు, ఓవర్‌టైం ఎలా లెక్కగడతారు, ఉండటానికి చోటు ఎవరిస్తారు. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి, దాచిపెడతామని ఎవరడిగినా ఇవ్వొద్దని రెండుసార్లు చెబుతాను. నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ షెడ్యూల్ అబ్బాయే పోయిన నెల క్లాసయ్యాక ఆగాడు. లెక్కల షీటులో తనే ఒక వరస కలుపుకున్నాడు, గదులకి పట్టే నిమిషాలతో. ఖాళీ చేసిన గదికి ఎక్కువ, అతిథి ఉన్న గదికి తక్కువ. చాలా సంతోషమేసింది.

"మీకు మొదటి రోజు ఎన్ని గదులిచ్చారు సార్?" అని అడిగాడు.

"ఆరు. అయిదే పూర్తి చేశాను."

"మరి ఆరోది?"

పక్క వరసలో పనిచేసే పెద్దావిడ తన పద్నాలుగూ ముగించుకుని నా గదిలోకి వచ్చింది. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. నా రెండు మణికట్లూ పట్టుకుని, దుప్పటి అంచుని పరుపు మీదకి ఏటవాలుగా ఎత్తించి, వేలాడే భాగాన్ని లోపలికి దోపించి, అంచు కిందకి దింపించింది. మంచానికి అటువైపు తిరిగి రెండో మూల నన్నే చేయమంది. చేశాను. చేత్తో ఒకసారి నిమిరి చూసి, మొత్తం ఊడదీసి, మళ్ళీ చేయమంది.