తలుపు బయట ఆరు నెలలు

మా అమ్మాయీ అల్లుడూ పరస్పర అంగీకారంతో విడిపోదామని నిర్ణయించుకున్నాక, ఆ వ్యవహారం ముగిసేదాకా నేను చేయవలసి వచ్చిన పని నోరు మెదపకుండా ఉండటమే. బంధువుల ఇళ్లలో ఏ తగాదా వచ్చినా పెద్దమనిషిగా కబురందుకుని వెళ్లడం అలవాటైన నాకు అది చాలా కష్టమైంది.

అంతకుముందు నేనొక పెద్ద పొరపాటు చేశాను. ఇద్దరి మధ్య మాటలు తగ్గాయని తెలియగానే వియ్యంకుడికి ఫోన్ చేసి, "బావగారూ, పెద్దవాళ్లం కూర్చుంటే అన్నీ సర్దుకుంటాయి" అన్నాను. బ్రాడీపేటలోని మా ఇంట్లో రెండువైపుల వాళ్లం పదకొండుమందిమి కూర్చున్నాం. భార్యాభర్తల మధ్య ఉండవలసిన సంగతులు అంతమంది నోళ్లలో పడి, ఆమె జీతం, అతని అప్పు, పెళ్లినాటి లాంఛనాల దాకా వెళ్లాయి. ఆ సాయంత్రం వరకూ తమకు ఒకరిమీద ఒకరికి కొంత గౌరవం మిగిలే ఉండేదని అమ్మాయి తర్వాతెప్పుడో చెప్పింది. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అందుకే పిటిషన్ వేసే ముందు రోజు తను, "నాన్నా, కోర్టుకు నాతో రండి, కానీ నా తరఫున ఎవరితోనూ మాట్లాడకండి" అన్నప్పుడు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాను.

మిరప యార్డుకు లారీలు బారులు తీరే ఫిబ్రవరిలో గుంటూరు కుటుంబ న్యాయస్థానంలో పిటిషన్ దాఖలైంది. హిందూ వివాహ చట్టంలోని 13-బి సెక్షన్ కింద వేసే ఈ పిటిషన్‌కు, దంపతులు కనీసం ఏడాదిపాటు విడిగా ఉండి ఉండాలి. కేసు పిలిచినప్పుడు నేనూ లేచి వెంట నడవబోతే, గుమ్మం దగ్గరి ఉద్యోగి నన్ను బయటే కూర్చోమన్నాడు. కన్నతండ్రినే ఆపడమేమిటని మనసు చివుక్కుమంది. అప్పుడు మా న్యాయవాది పక్కన కూర్చుని, అదే చట్టంలోని 22వ సెక్షన్ గురించి వివరించారు. మొదట్లో ఎవరైనా కోరితేనో, కోర్టుకు తగునని తోస్తేనో మాత్రమే ఇలాంటి విచారణ తలుపులు మూసి జరిపేవారట. 1976 సవరణతో అది తప్పనిసరి అయిందనీ, ఆ సంగతులను అచ్చువేసి ప్రచారం చేసినవారికి వెయ్యి రూపాయల దాకా జరిమానా కూడా ఉందనీ చెప్పారు. పరస్పర అంగీకారంతో విడిపోయే దారిని తెరిచింది కూడా ఆ సవరణే. ఇద్దరి నిర్ణయాన్ని గౌరవించిన చట్టం, ఆ ఇద్దరి మాటలు మూడోవారి చెవిన పడకూడదని కూడా తలచిందని అర్థమయ్యాక, ఆ బెంచీమీద కూర్చోవడం నాకు అవమానంగా అనిపించలేదు.

పిటిషన్ వేసిన నాటినుంచి రెండో వాయిదాకు కనీసం ఆరు నెలలు ఆగాలి. తగిన కేసుల్లో ఆ గడువును మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పినా, అందుకు పిటిషన్ నాటికే ఏడాదిన్నర విడిగా ఉండటం వంటి షరతులున్నాయి. మా వాళ్లకు అప్పటికి పద్నాలుగు నెలలే. పైగా తీర్పు వెలువడేదాకా ఇద్దరి సమ్మతీ నిలిచి ఉండాలి, ఎవరు మనసు మార్చుకున్నా పిటిషన్ ఆగిపోతుంది. ఆ ఆరు నెలలూ వాళ్లు ఆలోచించుకోవడానికి ఇచ్చినవి. నేను రోజూ ఏదో ఒకటి అడుగుతూ ఉంటే, అమ్మాయి తన మనసు చూసుకోవడం మాని నాకు జవాబులు వెతుక్కుంటుంది. నాకు ఫోన్ చేసిన బంధువులందరికీ, "అది వాళ్లిద్దరి విషయం, నాకు తెలియదు" అని ఒకే జవాబు చెప్పాను. కొందరు నొచ్చుకున్నారు. తండ్రికి తెలియకపోవడమేమిటని మా పెద్దక్కయ్య ఫోన్ పెట్టేసింది.

ఇంట్లో నాతో సహా ఎవరూ చేయలేకపోయిన పనిని పై వాటాలో ఉండే ఆవిడ ఏ ప్రయత్నమూ లేకుండా చేసింది. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి అందరినీ పిలిచినట్టే మా అమ్మాయినీ పిలిచి, బొట్టుపెట్టి, శనగలూ తాంబూలమూ ఇచ్చి పంపింది. అల్లుడెక్కడ, ఎన్నాళ్లుంటావు అన్న ప్రశ్నలేవీ వేయలేదట. ఆ వీధిలో ఈ సంగతి తెలియనివారు లేరు కనుక ఆవిడకూ తెలిసే ఉంటుంది. ఆ రోజు అమ్మాయి చాలాకాలం తర్వాత మాతో కూర్చుని కడుపునిండా అన్నం తిన్నది.

ఆ నెలాఖరున రెండో వాయిదా వచ్చింది. నేను మళ్లీ అదే బెంచీమీద, తన మంచినీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నలభై నిమిషాల తర్వాత తలుపు తెరుచుకుని ఇద్దరూ బయటికి వచ్చారు. అతను నాకు నమస్కారం పెట్టాడు, నేనూ పెట్టాను. అమ్మాయి సీసా అందుకుని, "ఇంటికి వెళ్దాం నాన్నా" అంది. వాళ్లిద్దరూ ఏ షరతులమీద విడిపోయారో నాకు ఇప్పటికీ తెలియదు. తీర్పు నకలు హాల్లోని బీరువాలో, తాళం వేయని అరలో ఉంది.