పాత యజమాని పాపం, మాకు 19 రోజుల నిషేధం

కొత్తగా కొన్న 256 ఐపీ చిరునామాల (నెట్‌లో సర్వర్లను గుర్తించే సంఖ్యల) బ్లాక్‌ను మెయిల్ సర్వర్లకు కేటాయించిన సాయంత్రమే ఫిర్యాదులు మొదలయ్యాయి. మా వాడుకరులు పంపిన మెయిళ్లు 550 అనే తిరస్కరణ సంఖ్యతో తిరిగి వస్తున్నాయి. తప్పు మా సర్వర్‌లోనే ఉందనుకుని రాత్రంతా సెట్టింగులు తిరగేశాను. తిరిగి వచ్చిన మెయిల్‌లోని చివరి వాక్యాన్ని తెల్లవారాక గానీ చదవలేదు. మా చిరునామా ఒక బ్లాక్‌లిస్టులో, అంటే స్పామ్ పంపే చిరునామాల జాబితాలో ఉందని అందులో స్పష్టంగానే రాసి ఉంది!

ఇది నిజమో కాదో చూసుకోవడం తేలికే. చిరునామాలోని నాలుగు సంఖ్యలను వెనక నుంచి ముందుకు రాసి, చివర జాబితా డొమైన్ పేరు చేర్చి, నెట్‌లో పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్ఎస్‌ను అడగాలి. 127తో మొదలయ్యే జవాబు వస్తే జాబితాకు ఎక్కినట్టు, అలాంటి పేరే లేదంటే లేనట్టు. నేను పరీక్షించిన ప్రతి చిరునామాకూ 127 వచ్చింది. మాకు ముందు ఆ బ్లాక్ ఎవరి చేతిలో ఉందో వాళ్లు దాన్ని స్పామ్ పంపడానికి వాడారట. ఇల్లు కొన్నాక గుమ్మంలో పాత యజమాని అప్పులవాళ్లు కూర్చున్నట్టయింది మా పని.

అసలు ఈ జాబితా నడిపేవాళ్లకు ఈ అధికారం ఎవరిచ్చారు అని మండిపడ్డాను. కోర్టు లేదు, చట్టం లేదు. కోపం చల్లారాక అర్థమైంది, వాళ్లు నన్ను ఆపలేదు. ఈ చిరునామాను నమ్మవద్దని తమ అభిప్రాయం ప్రకటించారు, అంతే. ఆ మాట మీద గురి ఉన్న సర్వర్ల నిర్వాహకులు ఎవరికి వారే తలుపు మూశారు. 1997 ప్రాంతంలో ఇంటర్నెట్ ఇంజినీరు పాల్ విక్సీ నడిపిన తొలి జాబితా కాలం నుంచీ పద్ధతి ఇదే. గురి పోయిన రోజున జాబితాకు విలువా పోతుంది.

“మేము స్పామర్లం కాము, వెంటనే తీసేయండి” అని నేను రాసిన మొదటి విజ్ఞప్తి గంటలోనే తిరస్కరణకు గురైంది. స్పామర్లూ అదే రాస్తారు మరి. రెండోసారి ఆధారాలు పెట్టాను. చిరునామాలు మా పేరుకు మారినట్టు, ఏవి ఎవరివో రాసుకునే రిజిస్ట్రీలోని నమోదు, మా సంప్రదింపు వివరాలు, ప్రతి చిరునామాకూ రివర్స్ డీఎన్ఎస్ (సంఖ్యను బట్టి సర్వర్ పేరు చెప్పే నమోదు), ఫిర్యాదులను మనిషే చదివే మెయిల్ పెట్టె. దానికి ఒక ప్రశ్న తిరిగి వచ్చింది: బ్లాక్ మీదైతే, ఏ చిరునామాలను ఏ నెట్‌వర్క్ ప్రకటిస్తుందో రాసి ఉండే రూటింగ్ రిజిస్ట్రీలో పాత యజమాని నెట్‌వర్క్ సంఖ్య ఇంకా ఎందుకుంది? చూస్తే నిజమే. సిగ్గుపడ్డాను. ఆ పాత నమోదును తీయించడానికే రెండు వారాలు పట్టింది. దాంతో పాటు, ఆ చిరునామాలను ప్రకటించే హక్కు మా నెట్‌వర్క్‌కే ఉందని తెలిపే డిజిటల్ సంతకంతో ఆర్‌ఓఏ అనే పత్రం కూడా సృష్టించాం. 19వ రోజున జాబితా నుంచి బయటపడ్డాం. డబ్బు మాట మాత్రం ఎక్కడా రాలేదు. పేరు తీయడానికి రుసుము అడగడం బెదిరింపు వసూళ్లకు దగ్గరగా ఉంటుందని 2012లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6471 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రం దాదాపు అదే మాటల్లో హెచ్చరిస్తుంది.

ఈ తతంగం పడ్డవాణ్ణి కాబట్టే ఆంక్షల్లో భాగంగా ఆపే చిరునామాల జాబితాల గురించి నా అభిప్రాయం కాస్త భిన్నం. 2022 ఫిబ్రవరి 28న రష్యా డొమైన్లను రద్దు చేయమని ఉక్రెయిన్ ప్రభుత్వం, నెట్‌లో డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ సంస్థను కోరింది. అది తన పని కాదని మార్చి 2న ఐకాన్ చెప్పింది. మార్చి 10న ఇంటర్నెట్ రంగానికి చెందిన కొందరు బహిరంగ లేఖలో మధ్యేమార్గం సూచించారు: ఒక దేశ ప్రజలందరినీ ఇంటర్నెట్ నుంచి వేరు చేయడం తగదు, సైనిక, ప్రచార సంస్థల చిరునామాలను మాత్రం ఉమ్మడిగా నిర్ణయించి జాబితా చేద్దాం, ఇష్టమైన నెట్‌వర్కులు దాన్ని వాడుకుంటాయి. అంటే మమ్మల్ని ఆపిన యంత్రాంగమే, పని మాత్రం వేరు.

ఆంక్షల జాబితా ఒకటి తీసుకుందామని మా దగ్గర చర్చ వచ్చినప్పుడు, అందరూ ఎవరిని చేర్చాలన్న దాని మీదే వాదించుకున్నారు. చిరునామా చేతులు మారితే ఎన్ని రోజుల్లో తీస్తారు, చేర్చిన కారణం మాకు కనిపిస్తుందా అని నేను అడిగాను. ఎవరి దగ్గరా జవాబు లేదు. చివరికి జాబితాను తీసుకున్నాం గానీ దేన్నీ ఆపడం లేదు, తగిలిన చిరునామాలు లాగ్‌లో నమోదవుతాయి. అలా నమోదైన ప్రతిదానికీ రిజిస్ట్రీలో యజమాని ఎప్పుడు మారాడో చూసే పని నా నెత్తినే పడింది.